క్రొత్త కరోనా రూపములు – వానిని కనిపెట్టుట, టీకాలను మార్చుట

మొన్న తల్లిదండ్రుల సమావేశము ముగిసిన పిమ్మట ఒక తల్లి నా యొద్దకు వచ్చి, తన సంచిలోనుండి మడతలు పడిన కాగితమొకటి తీసి చూపెను. 2022వ సంవత్సరమున ఆమె పెద్ద కుమారునకు కోర్బెవ్యాక్స్ అను టీకాను రెండు మోతాదులుగా వేసినట్లు తెలుపు ధ్రువపత్రమది. “అయ్యవారూ! ఈ టీకా మొట్టమొదట వచ్చిన కరోనాను చూచి చేసినదట గదా. ఆ కరోనా యిప్పుడు లేనేలేదట, వేరొకటి తిరుగుచున్నదట. అట్లయిన మా పెద్దవానికి వేయించిన సూది వట్టిపోయినట్లేనా? చిన్నవానికి క్రొత్తది వేయింపవలెనా?” అని యామె యడిగెను.

ప్రశ్న మంచిది. కాని నిలుచుండి రెండు మాటలలో చెప్పదగిన జవాబు కాదు. ఆనాడు తోచినంత చెప్పి పంపితిని. ఇంటికి పోయిన తరువాత చెప్పినది చాలదని తోచెను. ఆ కొరతను ఈ సంచికలో తీర్చుకొనుచున్నాను. ఈ విషయము మన జీడిమెట్లవారికి దూరదేశపు ముచ్చట కాదు. ఆ తల్లి చూపిన పత్రములోని టీకాను తయారుచేసిన బయొలాజికల్ ఇ. అను సంస్థ హైదరాబాదులో 1953లో పుట్టినది. దాని టీకాల యంత్రశాలలలో ఒకటి శామీర్‌పేట చెంత కొల్తూరులో నున్నది. కోవ్యాక్సిన్ టీకాను చేసిన భారత్ బయోటెక్ సంస్థ శామీర్‌పేట దాటిన పిమ్మట తుర్కపల్లి యొద్ద నున్నది. ఇక వైరసు వ్రాతను అక్షరమక్షరముగా చదువు పండితులు హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రములో, అనగా మనము సి.సి.ఎం.బి. అని పిలుచు సంస్థలో నున్నారు. చదువువారును చేయువారును మనకిరుప్రక్కల నుండగా మనకు తెలియకపోవుట బాగుండదు.

మొదట వైరసు ఎట్లు మారునో చూతము. వైరసు తనంతట తాను పెరుగజాలదు. మన శరీరములోని కణమున చొరబడి, ఆ కణముయొక్క పనిముట్లతోనే తన ప్రతులను వ్రాయించుకొనును. కరోనా వైరసుయొక్క వ్రాతప్రతి సుమారు 30,000 అక్షరముల పొడవు గలది. ఆ అక్షరములు నాలుగే విధములు. పూర్వము తాటాకు గ్రంథములకు ప్రతులెత్తు వ్రాయసకాడు ఎంత జాగరూకుడైనను ఒకచో నొక యక్షరము జారవిడుచుట కలదు గదా, ఇచ్చటను అంతే. ఆశ్చర్యమేమనగా, కరోనా వైరసు తన వెంట దిద్దుబాటు చేయు పరికరమును గూడ తెచ్చుకొనును. ఇన్‌ఫ్లుయెంజా వైరసునకట్టిది లేదు. ఆ కారణముచే కరోనా వ్రాతలో ఒక వంశక్రమమునందు నెలకు రమారమి రెండక్షరములు మాత్రమే మారి నిలుచును. ఇది స్వల్పమే, కాని కోట్లకొలది మనుష్యులలో ఏకకాలమున ప్రతులు తయారగుచున్నపుడు స్వల్పమును స్వల్పమని త్రోసివేయరాదు.

ఈ తప్పులలో ననేకము నిరర్థకములు. కొన్ని వైరసునకే హాని చేయును. అట్టి ప్రతులు నశించును. బహు కొద్దిగా మాత్రము దానికి మేలు చేయునవి యుండును. వైరసు పైభాగమున ముండ్లవలె నిలిచియుండు స్పైకు ప్రోటీను 1,273 తునుకలను గ్రుచ్చిన దండవంటిది. కణముయొక్క తలుపు పట్టుకొనునది ఆ ముల్లే. మన శరీరము తయారుచేయు రక్షకపదార్థములు, అనగా యాంటీబాడీలు, ముఖ్యముగా పట్టుకొనునదియు ఆ ముల్లునే. కావున ముల్లులో మార్పు వచ్చెనా, రెండు విధముల లాభము: తలుపు గట్టిగా పట్టుకొనవచ్చును, లేదా కావలివాని చేతికి చిక్కక జారిపోవచ్చును.

ఎవరినుండి ఎవరికి ఈ వైరసు ప్రాకెనో చెప్పుటకు పండితులు చేయు యుక్తి మన ఉపాధ్యాయులకు క్రొత్తది కాదు. ఒక తరగతిలో నలుగురు బాలురు లెక్కను సరిగా చేసిరనుకొందము. దానివలన ఏమియు తెలియదు. నలుగురును ఒకే వింతతప్పు చేసిరా, అప్పుడు కాపీ సంగతి బయటపడును. వారిలో ముగ్గురు ఆ తప్పునకు తోడు రెండవ తప్పొకటి కూడ చేసిన యెడల, ఆ ముగ్గురును ఒక బల్లవారని తెలియును. ఏ తప్పు ముందు, ఏది వెనుక అని వరుస పెట్టినచో ఎవరు ఎవరి పుస్తకము చూచిరో ఒక వంశవృక్షము గీయవచ్చును. వైరసు శాఖలను గుర్తించుట సరిగా ఇట్టిదే. ఆల్ఫా, డెల్టా, ఓమిక్రాన్ వంటి గ్రీకు అక్షరముల పేళ్లు పెట్టు పద్ధతిని 2021 మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. అప్పటివరకు పత్రికలవారు దేశముల పేరులతో పిలుచుచుండిరి. ఏ దేశమువారికి మాత్రము రోగమునకు తమ పేరుండుట యిష్టమగును?

చదువు విధమును క్లుప్తముగా చెప్పెదను. రోగి ముక్కునుండి దూదిపుల్లతో తీసిన తేమలో వైరసు వ్రాత యుండును. దానిని వేరుపరచి, నిలకడగల మరియొక రూపమునకు మార్చి, యంత్రమునకిత్తురు. యంత్రము దానిని చిన్న చిన్న తునుకలుగా చదువును. ఆ తునుకలను 2020 జనవరిలో చీనా శాస్త్రజ్ఞులు లోకమునకు వెల్లడించిన మొదటి ప్రతితో పోల్చి, గణకయంత్రముచే వరుసగా కూర్పించి, ఎచ్చట నేయక్షరము మారెనో గుర్తింతురు. దీనికి దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. చదివినదానిని పెట్టెలో దాచుకొనిన ప్రయోజనము లేదు. ఇతరులు చదివినదానితో సరిపోల్చినపుడే వృక్షము పెరుగును.

ఇక మన నగరములో జరిగిన కథ వినుడు. తెలంగాణములో మొదటి రోగి 2020 మార్చి 2న బయటపడెను. ఆ యేటి జూను నాటికి సి.సి.ఎం.బి. వారు, తోడి సంస్థలతో కలిసి, భారతదేశపు వైరసులలో ప్రత్యేకమైన శాఖ నొకదానిని గుర్తించి, దానికి ఏ3ఐ అని పేరు పెట్టిరి. వారు పరిశీలించిన దేశీయ ప్రతులలో నూటికి 41 ఆ శాఖవే. ఇదియే స్థిరపడునేమో యనిపించినది. కాని కొలది నెలలలోనే వేరొక శాఖ దానిని త్రోసివేసినది. ఆ రెండవ శాఖలో ముల్లుయొక్క 614వ తునుక మారియుండెను. ఆ యొక్క మార్పుతో వైరసు వ్యాప్తి వేగము హెచ్చినది. పిమ్మట లోకమంతటను వచ్చిన ప్రధానరూపము లన్నిటిలోను ఆ 614వ మార్పు నిలిచియున్నది.

దీనికంటె మనకు దగ్గరైనది 440వ తునుక కథ. ముల్లులో 440వ స్థానమున ఎన్ అను తునుకకు బదులు కె అను తునుక చేరిన రూపము దక్షిణదేశమున, ముఖ్యముగా ఆంధ్రప్రదేశములో కనబడెను. ప్రయోగశాలలోని గాజుపాత్రలో పెంచి చూచినపుడు, అంతకు ముందున్న రూపములకంటె ఇది పదిరెట్లును, అంతకు మించియు పెరుగుచున్నట్లు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 2021 మే మాసమున, రెండవ యుప్పెన తీవ్రముగా నున్న దినములలో, ఈ వార్త పత్రికలకెక్కినది. దానికి “ఆంధ్ర రూపము” అని పేరు పుట్టినది. ఎన్నో రెట్లు ప్రమాదకరమను వదంతి దావానలమువలె ప్రాకినది. ఢిల్లీ ప్రభుత్వము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములనుండి వచ్చు ప్రయాణికులు పదునాలుగు దినములు వేరుగా నుండవలెనని యుత్తరువు చేసినది. అప్పటికే ప్రాణభయముతో నున్న జనులకు తమ యూరి పేరే యొక నిందయైనది.

అప్పుడు భయమునకు విరుగుడుగా పనికివచ్చినది మరల ఆ యక్షరముల చదువే. ఊళ్లలో రోగులనుండి తీసిన నమూనాలను వరుసగా చదువుచున్న సి.సి.ఎం.బి. వారు, ఈ రూపము క్రొత్తది కాదనియు, అది పెరుగుట లేదు సరికదా తగ్గిపోవుచున్నదనియు, దాని స్థానమును వేరొకటి ఆక్రమించుచున్నదనియు తెలిపిరి. ఆ వేరొకటియే డెల్టా. భయపడవలసినది దానిని గూర్చియే గాని 440ని గూర్చి కాదు. గాజుపాత్రలో బలవంతమైనది ఊరిలో బలవంతము కానక్కరలేదు. పాత్రలో పోటీ లేదు, ఊరిలో కలదు. ఇది నేర్చుకొనదగిన సంగతి. ఇంకొక వింత: సంవత్సరము తిరుగక మునుపే వచ్చిన ఓమిక్రాన్ రూపపు ముల్లులో ముప్పదికి మించిన మార్పులుండగా, వానిలో నీ 440వ మార్పును ఒకటి. ఒంటరిగా నిలువజాలనిది, తోడు దొరికినపుడు తిరిగి వచ్చినది.

నమూనాలను ఒక్క సంస్థ చదివిన చాలదని, దేశములోని పది ప్రయోగశాలలను చేర్చి 2020 డిసెంబరు చివర ఇన్సాకాగ్ అను కూటమిని కేంద్రప్రభుత్వము ఏర్పరచినది. ఆ పదింటిలో హబ్సిగూడ సి.సి.ఎం.బి.యు, ఉప్పల్‌లోని డి.యెన్.ఏ. ముద్రల పరిశోధనాకేంద్రమును మన నగరమువి. ఈ కావలి ఫలించిన సందర్భమొకటి చెప్పెదను. 2022 మే మాసమున ఓమిక్రాన్ శాఖయగు బి.ఏ.4 మన దేశములో మొదట కనబడిన చోట్లలో హైదరాబాదు విమానాశ్రయమొకటి; దక్షిణాఫ్రికానుండి దిగిన ప్రయాణికుని నమూనాలో అది దొరకెను. బి.ఏ.5 అను దాని తోడబుట్టినదియు ఆ దినములలోనే తెలంగాణములో బయటపడెను. అనగా తలుపు దగ్గరనే గుర్తుపట్టిరి. గుర్తుపట్టుట ఆపుట కాదు. ఆ రెండును తరువాత వ్యాపించినవి. కాని వచ్చుచున్నదని తెలిసి ఎదురుచూచుటకును, తెలియక మీదపడుటకును భేదము కలదు.

రోగులు పరీక్షకు రానిచో నమూనాలెక్కడివి? ఇప్పుడు జరుగుచున్నదదియే. జలుబని ఇంట పరుండువాడు ముక్కు చూపించుకొనుటకు పోడు. ఇట్టిచోట మురుగునీరు సహాయపడును. జీడిమెట్లవారికి మురుగుకాలువను గూర్చి నేను చెప్పనేల? మన యంత్రశాలల నీటిని కూకట్‌పల్లి నాలా ఎన్నియేండ్లు హుసేన్‌సాగరమునకు మోసెనో, ఆ వాసన యెట్టిదో పెద్దలందరెరుగుదురు. ఆ మురుగులో నింకొక విధమైన సమాచారము గూడ ప్రవహించును. వైరసు సోకినవారు, రోగలక్షణములున్నను లేకున్నను, మలములో కొన్నివారముల పాటు వైరసు వ్రాతయొక్క తునుకలను విడుచుచుందురు. ఆ తునుకలు ఇతరులకు రోగము నంటింపవు. కాని లెక్కకు దొరకును. 2020 ఆగస్టులో సి.సి.ఎం.బి. వారును, తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థవారును నగరములోని మురుగునీటి శుద్ధికేంద్రములలో నమూనాలు తీసి చూచిరి. ఇంచుమించు నెలదినములలో ఆరు లక్షల అరువదివేలమందికి వైరసు సోకియుండునని వారి యంచనా. ఆసుపత్రుల పట్టీలలో నమోదయిన సంఖ్యకు అది పలురెట్లు. ఒక్క సీసా మురుగునీరు వేలకొలది గృహముల మాట ఒక్కసారిగా చెప్పును. ఎవరి పేరును బయటపెట్టదు. ఎవరి ముక్కులోను పుల్ల పెట్టదు. నాకీ పద్ధతి మీద మిక్కిలి గౌరవము.

ఇంతవరకు చదువువారి సంగతి. ఇక చేయువారి సంగతి.

కోవ్యాక్సిన్ చేయు విధము ప్రాచీనమైనది, నమ్మకమైనది. పూనాలోని వైరసు పరిశోధన సంస్థవారు 2020లో ఒక రోగినుండి వేరుచేసిన వైరసును వెరో కణములలో – ఇవి 1962లో ఒక కోతి మూత్రపిండమునుండి మొదలిడి నేటికిని ప్రయోగశాలలలో పెంచబడుచున్న కణములు – విస్తారముగా పెంచి, రసాయనముతో చంపి, శుద్ధిచేసి, సూదిమందుగా కట్టుదురు. చచ్చిన వైరసు రోగము తేజాలదు. కాని శరీరమునకు శత్రువుయొక్క నిండురూపము చూపును. 2021 జనవరి 3న దీనికి అత్యవసర అనుమతి లభించెను. 25,798 మందిపై జరిపిన పరీక్షలో లక్షణములు గల రోగమును నూటికి 77.8 వంతున అడ్డగించెననియు, డెల్టామీద నది 65.2 మాత్రమే యనియు తేలెను. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ఆ తల్లి యడిగిన ప్రశ్నకు మొదటి జవాబు అందే యున్నది: రూపము మారినపుడు రక్షణ తగ్గినది, కాని పోలేదు.

కోర్బెవ్యాక్స్ మార్గము వేరు. వైరసు నంతటిని పెంచరు. ముల్లులో కణపు తలుపును పట్టుకొను భాగమును మాత్రమే ఈస్టులో, అనగా రొట్టె పొంగించు పిండిపులుపునకు దాయాదియగు సూక్ష్మజీవిలో, తయారుచేయింతురు. అమెరికాలోని టెక్సాసు పిల్లల ఆసుపత్రి, బేయ్లర్ వైద్యకళాశాల శాస్త్రజ్ఞులు కల్పించిన దానిని మన హైదరాబాదు సంస్థ పెద్ద యెత్తున చేసినది. 2021 డిసెంబరు 28న అనుమతి వచ్చినది. 2022 మార్చి 16 మొదలు పండ్రెండు మొదలు పదునాలుగేండ్ల పిల్లలకు దేశమంతట ఈ టీకానే వేసిరి. నేడు కళాశాలలలో నున్న మన పూర్వవిద్యార్థులలో ననేకుల భుజములందున్నది శామీర్‌పేట వైపునుండి వచ్చిన ఈ మందే. పదునైదేండ్లు దాటినవారికి ఆ యేటి జనవరి 3 నుండి కోవ్యాక్సిన్ వేసిరి. అదియు మన పొరుగుదే.

పరీక్షింపవలసినది ఇచ్చటనే యున్నది. ఈ టీకాలు చూపినది 2020 నాటి వైరసు ముఖము. పూనాలో తయారై దేశములో అత్యధికముగా వేయబడిన కోవిషీల్డును అట్టిదే. వైరసు మారిన కొలది టీకాను మార్చరాదా యని యడుగవచ్చును. మార్చవచ్చును, కాని ఆ పని యన్నిటియందు సమానముగా సులభము కాదు. నిండువైరసు టీకాను మార్చవలెనన్న, క్రొత్త రూపమును సజీవముగా వేరుచేసి, అది కణములలో చక్కగా పెరుగునట్లు చూచి, కట్టుదిట్టమైన రక్షణ గల గదులలో టన్నులకొలది ద్రవములో పెంచి, పూర్తిగా చచ్చినదని రుజువు చేయవలెను. ఈస్టు టీకాలో ముల్లు నకలును మార్చి, ఈస్టునకు క్రొత్త పాఠము నేర్పిన చాలును. అయినను నెలలు పట్టును. అన్నిటికంటె త్వరగా మారునది ఎం.ఆర్.ఎన్.ఏ. టీకా. అందు ప్రోటీను నీయరు; దానిని చేయు వ్రాతనే యిత్తురు. కావున మార్పు కాగితముమీద దిద్దుబాటువంటిది. పూనాలోని జెన్నోవా సంస్థ ఈ విధముగా ఓమిక్రాన్‌కు తగిన టీకా నొకదానిని చేసి 2023 జూనులో అనుమతి పొందినది. మన సి.సి.ఎం.బి. వారును ఎం.ఆర్.ఎన్.ఏ. టీకా చేయు విధానమును తామే నేర్చి, ఎలుకలపై పరీక్షించినట్లు 2022 మేలో ప్రకటించిరి. ఎలుకకును మనుష్యునకును నడుమ దూరము చాల కలదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఏ ముఖమును చూపవలెనను నిర్ణయము కష్టమైనది. ఇన్‌ఫ్లుయెంజా టీకా విషయములో ఈ పని 1952 నుండి ప్రపంచమంతటి ప్రయోగశాలల సహాయమున జరుగుచున్నది. సంవత్సరమునకు రెండుమారులు, ఉత్తరార్ధమునకొకటి, దక్షిణార్ధమునకొకటి, ఏ రూపములుండవలెనో నిర్ణయింతురు. కరోనాకును ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నిపుణుల మండలిని నియమించినది. 2022లో పాశ్చాత్య దేశములు పాతరూపమును, ఓమిక్రాన్‌ను ఒకే సూదిలో కలిపి వేసినవి. 2023 మేలో ఆ మండలి పాతదానిని విడిచిపెట్టుడని సలహా యిచ్చెను. ఏలన, శరీరము మొదట నేర్చిన పాఠమును మరువదు. పాతముఖము మరల చూపినకొలది పాతజవాబే యప్పగించును. అప్పుడు వారు ఎన్నుకొన్నది ఎక్స్.బి.బి.1.5 అను శాఖ. ఓమిక్రాన్ శాఖలు రెండు ఒకే మనుష్యునిలో కలిసి, ఒకదాని మొదటి పుటలు, రెండవదాని కడపటి పుటలు కుట్టిన పుస్తకమువలె పుట్టిన వంశమది. టీకా తయారై సెప్టెంబరులో జనులకందునప్పటికి వైరసు ముందుకు సాగిపోయెను; డిసెంబరుకు జె.ఎన్.1 అను మరియొకటి లోకమును చుట్టుచుండెను. 2024 ఏప్రిలులో మండలి జె.ఎన్.1కు మారుడనెను. 2025 మేలో జె.ఎన్.1 గాని, దాని సంతతియగు కె.పి.2 గాని యింకను తగినవేయనియు, ఎల్.పి.8.1 యను రూపమును గూడ వాడవచ్చుననియు చెప్పెను. చదువుటకు, నిర్ణయించుటకు, చేయుటకు, పంచుటకు పట్టు నెలలలో వైరసు ఊరక కూర్చుండదు. టీకా ఎన్నడును ఒక అడుగు వెనుకనే నడచును. అడుగు వెనుకనున్నను మేలే. పదియడుగులు వెనుకనుండుటయే చింత.

ఈ విషయములో నా మనస్సున నొక వెలితి యున్నది. చదువువారును చేయువారును ఒక్కపూట ప్రయాణములో నున్న పట్టణములు లోకములో నెన్నో లేవు. అయినను మన కోట్లజనులకందినది మొదటి రూపపు టీకాయే. తప్పు యంత్రశాలలదనుటకు నాకు నోరాడదు. ఓమిక్రాన్ పిమ్మట రోగము తేలికపడినది, వేయించుకొనువారు తగ్గిరి, 2022 ఏప్రిలులో భారత్ బయోటెక్ వారు గిరాకీ తగ్గినందున కోవ్యాక్సిన్ తయారీని తగ్గించుచున్నామని ప్రకటించిరి. అడుగువారు లేని సరకునకు క్రొత్త అచ్చు పోయుటకు ఎవరు పెట్టుబడి పెట్టుదురు? ఇట్టి దానికి ధర చెల్లింపవలసినది భయము కాదు, ప్రజల ముందుచూపు.

ఇక ఆ తల్లికి జవాబు. వేయించిన సూది వట్టిపోలేదు. శరీరపు కావలి రెండు విధములు. యాంటీబాడీలు వైరసు ముఖము చూచి పట్టుకొనును. ముఖము మారిన తడబడును. కొన్ని నెలలకు వాని సంఖ్యయు తగ్గును. టి కణములు అట్లు కాదు. అవి రోగము సోకిన కణములను వెదకి, లోపలి తునుకలను గుర్తించి, ఆ కణములను నశింపజేయును. ఆ తునుకలలో ననేకము పాతరూపమునను క్రొత్తరూపమునను ఒక్కటియే. కావుననే పాతటీకా క్రొత్తరోగము అంటకుండ ఆపజాలకపోయినను, అది ఊపిరితిత్తులను పట్టి ప్రాణము తీయకుండ చాలవరకు ఆపుచున్నది. దానికి తోడు ఆ బాలునకు ఈ నడుమ ఓమిక్రాన్ ఒకసారియైన సోకియే యుండవచ్చును; అదియు నొక పాఠమే.

చిన్నవానికి క్రొత్తది వేయింపవలెనా? ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకా సలహాదారులు 2023 మార్చిలో జనులను మూడు వర్గములుగా విభజించిరి. ఆరోగ్యవంతులగు పిల్లలు చివరి వర్గమువారు. వారికి కరోనా టీకా కంటె తట్టుటీకా, ధనుర్వాతపు టీకా వంటివి సకాలమున వేయించుట ముఖ్యమని వారి యభిప్రాయము. వృద్ధులు, మధుమేహము, హృద్రోగము వంటివి గలవారు, రోగనిరోధకశక్తి తగ్గినవారు, గర్భిణులు, వైద్యశాలలలో పనిచేయువారు మొదటి వర్గమున నున్నారు.

ఈ సంగతులను ఆ తల్లికి పిమ్మట నొకనాడు ద్వారము వద్ద చెప్పితిని. ఆమె శ్రద్ధగా విని, “అయితే పిల్లవాని సంగతి కాదు, మా అత్తగారి సంగతి చూచుకొనవలెను. ఆమెకు డెబ్బదేండ్లు, చక్కెర వ్యాధియు కలదు” అనెను. ఆ విషయము ఆమెకు మందులిచ్చు వైద్యుని యడిగి, చివరి టీకా ఎప్పుడు వేయించిరో ఆ తారీఖు గల కాగితమును వెంట తీసికొని పొమ్మంటిని. అత్తగారి కాగితము ఎక్కడ పెట్టిరో వెదకవలెనని, పెద్దకుమారుని కాగితమును పూర్వపు మడతలమీదనే మడిచి సంచిలో నుంచుకొని ఆమె వెడలిపోయెను.